రెయిలీన్ పాటకు పక్కవాద్యం

శనివారం పొద్దున్న ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణాల ముందు ఒక టెంటు వేస్తారు. ఏ స్కూలు వాళ్ళో, ఏ క్లబ్బు వాళ్ళో విరాళాల కోసం ఇనప పెనం పెట్టి సాసేజీలు కాలుస్తారు, పక్కనే కుప్పలుగా ఉల్లిపాయలు వేయిస్తారు. నేను సాసేజీ ముట్టను. కానీ ఆ ఉల్లిపాయల వాసన తగిలితే మాత్రం నా కాళ్ళు ముందుకు కదలవు. మొన్న కుళాయి వాషర్ కోసం వెళ్ళి, మా ఆయన్ని లోపలికి పంపేసి, నేను టెంటు దగ్గరే నిలబడిపోయాను. పెనం ముందున్న పెద్దమనిషి నా వాలకం చూసి "జస్ట్ ఆనియన్స్, లవ్?" అని అడిగాడు. రొట్టెముక్కలో వట్టి ఉల్లిపాయలు పెట్టించుకుని, కారుకి ఆనుకుని తిన్నాను. కళ్ళు మండాయి. ఉల్లిపాయలు కదా అని సరిపెట్టుకోవచ్చు గానీ, వేగిన ఉల్లిపాయలకి ఎవరి కళ్ళూ మండవు. రెయిలీన్ గుర్తొచ్చింది.

ఆ పేరు మీరు విని ఉండరు. ఈ దేశంలోనే చాలామంది వినలేదు. ఆవిడ కంట్రీ పాటలు రాసి పాడేది. కంట్రీ అనగానే మనకు టోపీలు పెట్టుకున్న అమెరికావాళ్ళు గుర్తొస్తారు. ఆవిడ పాటలు అవి కావు. గొర్రెల మందలు, ఎండిపోయిన వాగులు, చెప్పకుండా వెళ్ళిపోయిన మొగుడు, ఊళ్ళో మూతబడిన బ్యాంకు, ఇవీ ఆవిడ పాటలు. వెనక కంపెనీ లేదు, మేనేజరు లేడు. పాట రాయడం దగ్గర్నుంచి హాలు మాట్లాడుకోవడం, పోస్టరు అంటించడం దాకా అన్నీ తనే. "ఇండిపెండెంట్ ఆర్టిస్ట్ అంటే ఏమనుకున్నావు? స్పీకర్లు కూడా నేనే మొయ్యాలి" అనేది. అరవై దాటిన మనిషి, నడుముదాకా నెరిసిన జడ, మగవాళ్ళ చొక్కా, మడమలు అరిగిన బూట్లు. స్పీకరు ఎత్తేటప్పుడు సాయం పట్టబోతే మోచేత్తో పక్కకి నెట్టేది. మంచి మనిషే గానీ, మెత్తని మనిషి కాదు.

మేము క్యాన్‌బెరాలో హారిసన్‌కి మారిన కొత్త. అక్కడివన్నీ గోడా గోడా కలిసిన ఇళ్ళు. మా ఆయన సుధాకర్‌ది ఐటీ ఉద్యోగం, నాది ఒక ప్రభుత్వ శాఖలో అంకెల పని. విజయనగరంలో చిన్నప్పుడు మా మేనత్త నాకు వయొలిన్ నేర్పింది. తర్వాత పెళ్ళి, వీసా, ఉద్యోగం, మా అమ్మాయి హాసిని. ఈ వరసలో వయొలిన్ పెట్టెలోనే సముద్రం దాటి, పెట్టెలోనే ఉండిపోయింది. ఇల్లు మారిన సందట్లో బయటపడితే, ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు కొత్త తీగలు వేసి ఒక వర్ణం మొదలుపెట్టాను. చరణం దగ్గర మరిచిపోయి ఆపేశాను. కాసేపటికి తలుపు చప్పుడైంది. తీస్తే పక్కింటావిడ. ఆవిడ నోరు తెరవకముందే నేను సారీ చెప్పేశాను. గోడ ఇంత పల్చగా ఉంటుందనుకోలేదని, ఇంకెప్పుడూ వాయించనని గబగబా చెప్పుకుపోతున్నాను. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విని, "మధ్యలో ఆపేశావు. మిగతాది ఏమైంది?" అంది. మరిచిపోయానన్నాను. "అయితే గుర్తొచ్చేదాకా ఉంటాను" అని లోపలికి వచ్చి సోఫాలో కూర్చుంది. టీ తాగింది. ఆ రోజు నాకు చరణం గుర్తు రాలేదు గానీ, రెయిలీన్ ఎవరో తెలిసింది.

వరలక్ష్మి అన్న నా పేరు ఆవిడ నోట్లో మొదటి రోజే వెరా అయిపోయింది. ఆఫీసులో ఎవరైనా అలా కుదిస్తే నాకు ఒళ్ళు మండేది, ఆవిడ అంటే ఎందుకో మండలేదు. నేనేమో ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేక చాలా అవస్థపడ్డాను. మా అమ్మ వయసు మనిషి. ఆంటీ అంటే, "నేను నీ ఆంటీని కాదు, నీ పక్కింటిదాన్ని" అని కసిరింది. చివరికి రెయిలీన్ అనడం అలవాటైంది. అయినా ఇంగ్లీషులో యూ అన్న ప్రతిసారీ నా మనసులో అది మీరే.

ఆవిడతో ఏళ్ళ తరబడి ఫిడేలు వాయించిన స్నేహితుడు మనవల కోసం క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయాడు. ఆ చోటు ఖాళీగా ఉంది, నన్ను రమ్మంది. నాది ఆ సంగీతం కాదని, నేను నేల మీద కూర్చుని వయొలిన్ మడమకి ఆనించి వాయిస్తానని, ఆవిడ పాటలు ఒక్కటీ నాకు తెలియవని, ఉన్న అభ్యంతరాలన్నీ చెప్పాను. మర్నాడు సాయంత్రం తన గరాజులో ఒక గొర్రెతోలు పరిచి, మైకు స్టాండు మోకాలి ఎత్తుకి దించి పెట్టింది. "కూర్చో" అంది. నేల మీద కూర్చుని ఫిడేలు వాయించే మనిషిని ఆవిడ అంతకుముందు చూసి ఉండదు. కానీ ఆ కూర్చోవడం గురించి ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. ఆ తోలు మీదే నేను ఎన్నో ఊళ్ళలో కూర్చున్నాను.

పాట మొదలుపెట్టింది. నేను చిన్నప్పటినుంచీ చేసిన పనే చేశాను. ఆవిడ ఒక పంక్తి పాడితే, దాన్ని పట్టుకుని ఒక్క క్షణం వెనకగా అవే స్వరాలు, అదే జారుతో వాయించాను. ఆవిడ గొంతు ఎక్కడ వణికితే అక్కడ నా వేలు వణికింది. తెలియని పాటని మొదటిసారి వింటూనే ఇంత దగ్గరగా వెంబడించగలిగినందుకు లోలోపల మురిసిపోతున్నాను కూడా. రెండో చరణం సగంలో ఆవిడ గిటారు మీద అరచెయ్యి వేసి ఆపేసింది.

"నేను అన్నదాన్నే మళ్ళీ ఎందుకంటున్నావు?"

నాకు అర్థం కాలేదు. తప్పు వాయించానా అని అడిగాను.

"తప్పేం లేదు. అప్పజెప్పినట్టు వాయించావు. కానీ ఆ మాట నేను అనేశాను కదా. ఇంతకీ నువ్వేమంటావు?"

నేను మా పద్ధతి చెప్పుకొచ్చాను. మాకు దీన్ని పక్కవాద్యం అంటారని, గాయకుడి వెనకాల నీడలా నడవడమే దాని ధర్మమని, ఆలాపనలో మా వంతు వచ్చినప్పుడు కూడా ఆయన తొక్కిన దారిని గౌరవించాలని, ముందుకి దూకితే మా మేనత్త వేళ్ళమీద కొట్టేదని. ఆవిడ వెటకారం చెయ్యలేదు, శ్రద్ధగా విన్నది. "అది కష్టమైన పనే. మీ పాటకి అది కావాలేమో. నా పాటలో మాత్రం నేను మాట్లాడేటప్పుడు నువ్వు విను. నేను ఊపిరి తీసుకునేటప్పుడు నువ్వు మాట్లాడు" అంది. ఇంటికొచ్చి మా ఆయన ముందు ఆవిణ్ణి ఉతికి ఆరేశాను. శాస్త్రం తెలియని మనిషి అన్నాను. కానీ కోపం తగ్గాక ఒక సంగతి గుచ్చుకోవడం మొదలైంది. నేను ఆఫీసు మీటింగుల్లో చేసేదీ ఇదే. ఎవరో ఒక మాట అన్నాక, అదే మాటని కొంచెం మెత్తగా మళ్ళీ అనడం. ఇంట్లోనూ అంతే. సుధాకర్ పెర్త్‌కి వెళ్ళి పియారా వాటర్స్‌లో ఇల్లు కొందామంటే బావుంటుందన్నాను. కాదు, క్యాన్‌బెరాలోనే ఉండిపోదామంటే అదీ బావుంటుందన్నాను. నాకు ఏది బావుంటుందో ఆయనా అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

మొదటి కచేరీ బూరోవా దారిలో ఒక చిన్న ఊరి హాల్లో. రేకుల కప్పు, చెక్క నేల, మధ్యాహ్నం ఎండ. వెనక పెరట్లో బార్బెక్యూ పెనం మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి. లోపల పెద్ద పాత్రలో టీ కాగుతోంది, బల్ల మీద కొబ్బరి అద్దిన కేకు ముక్కలు. ముందు వరసలో ఎవరిదో కుక్క పడుకుంది. రెయిలీన్ ఒక పంక్తి పాడి ఆగింది. నా వంతు. వెంబడించకూడదని తెలుసు, కానీ నాదంటూ అనడానికి ఏమీ లేదు. కమాను తీగ మీద పెట్టి అలాగే ఉండిపోయాను. ఆవిడ నా కోసం గబుక్కున పూడ్చలేదు. గిటారు తాళం వేస్తూ ఆ ఖాళీని ఖాళీగానే జరగనిచ్చి, తర్వాతి పంక్తికి వెళ్ళింది. పాట పొడుగునా అదే. జనం చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి, మర్యాదస్తులు. అయిపోయాక పెరట్లో నిలబడి ఇక నేను రానని చెప్పాను. ఆవిడ సాసేజీ తీసేసి వట్టి ఉల్లిపాయల రొట్టె నా చేతిలో పెట్టింది. "చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఊరుకున్నావు. నా పాత ఫిడేలువాడికి అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది" అంది. పొగిడిందో పొడిచిందో తేల్చుకోలేక తినేశాను.

ఆ ఖాళీల్లోకి మొదట వచ్చింది రాగం కాదు, చేపలు. విజయనగరంలో మా వీధిలోకి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ నెత్తళ్ళు అమ్మడానికి వచ్చేది. ఆ కేక కింద మొదలై, వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి పైకి లేచి, విరిగి పడేది. మేము చేపలు తినేవాళ్ళం కాదు గానీ, ఆ కేకని అనుకరించి తన్నులు తిన్నాను. ఒక రోజు గరాజులో రెయిలీన్ ఊపిరి తీసుకునే చోట నా చెయ్యి తనంతట తానే ఆ కేకని వాయించింది. ఆవిడ పాట ఆపి, అదేమిటని అడిగింది. ఎండుచేపలు అమ్మే ఆవిడ అని సిగ్గుపడుతూ చెప్పాను. చాలాసేపు నవ్వింది. "ఆ చేపల్ని అక్కడే ఉంచు" అంది. ఆ తర్వాత ఆ పాటలో ఆ చోటు రాగానే నా వైపు తిరిగి "ఫిష్" అని పెదవులు కదిపేది. ఊరి హాల్లో గొర్రెల కాపరులు మా వీధి కేక వింటున్నారని నాకొక్కదానికే తెలుసు. అదో పొగరుగా ఉండేది.

ఆవిడ కథ నాకు దారుల్లో, ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాళ్ళ నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే జట్లకి వంటవాడు. జట్టు ఎక్కడికి వెళితే సంసారం అక్కడికి. గిటారు ఒక కత్తెరవాడు నేర్పాడు. పెళ్ళికాని వయసులోనే సిడ్నీ వెళితే ఒక కంపెనీ సంతకం చేయించుకుని, బూట్లు మార్పించి, జుట్టు కత్తిరించి, చివరికి ఉచ్చారణ దగ్గరికి వచ్చింది. అమెరికావాళ్ళలా పలకమన్నారట. "మా అమ్మ గురించి రాసిన పాటని మా అమ్మకే అర్థం కాని యాసలో పాడమన్నారు" అని చెప్పింది. ఒక రికార్డు అలాగే చేసింది కూడా. అది రేడియోలో వస్తుంటే వాళ్ళమ్మ, ఎవరిదో పాట బావుందని అందట. ఆ మర్నాడే బయటికి వచ్చేసింది. అప్పట్నుంచీ కంపెనీ గడప తొక్కలేదు. ఒక మొగుడు వచ్చాడు, వెళ్ళాడు. పిల్లలు లేరు. ఊళ్ళు తిరగడమే జీవితం. ఇదంతా ఆవిడ బాధగా చెప్పేది కాదు, దారి చెప్పినట్టు చెప్పేది.

మనవాళ్ళకి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? ఉగాది ఫంక్షన్లో శ్రీకాకుళం ఆంటీ ఒకావిడ పులిహోర వడ్డిస్తూ నన్ను నిలదీసింది. "ఏటమ్మా వరలక్ష్మీ, వీకెండ్స్‌లో పబ్బుల్లో ఫిడేలు వాయిస్తన్నావంట? మీ ఆయన ఏటనట్లేదా?" నేను నసుగుతుంటే సుధాకర్ ప్లేటు పట్టుకుని పక్కకి వచ్చాడు. "అనడానికి నాకు టైమెక్కడిది ఆంటీ? ఆ పబ్బుల్లో సీడీలు అమ్మేది నేనే కదా" అన్నాడు. ఆయన మొదట్లో మొహం ముడుచుకున్న మాట నిజమే. ఒకసారి తోడు వచ్చి, రైతులతో వానల గురించి మాట్లాడుతూ టీ బల్ల దగ్గర స్థిరపడిపోయాడు. హాసిని మాత్రం "మమ్, యూ ఆర్ ఇన్ అ బ్యాండ్. దట్స్ సో వియర్డ్" అని తల పట్టుకునేది.

రెయిలీన్‌కి పేరు తెచ్చిన పాట ఒకటుంది, వాళ్ళమ్మ మీద రాసింది. కరువు ఏడాది, ఇంటి పక్క వాననీళ్ళ రేకు ట్యాంకు. వాళ్ళమ్మ రోజూ పొద్దున్నే దాన్ని వేలి కణుపుతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చేది. డొల్ల చప్పుడు ఆగి బరువు చప్పుడు ఎక్కడ మొదలైతే నీళ్ళు అక్కడిదాకా ఉన్నట్టు. పాటంతా ఆ తట్టుడే. చివర్లో వాన అన్న మాట దగ్గర ఆవిడ గొంతు ఒక్కసారి చాలా పైకి వెళ్ళేది. అరుపు కాదు, సన్నగా, తేటగా, ఎక్కడా ఆనకుండా. ఆ స్వరం కోసమే మైళ్ళు నడుపుకుని వచ్చేవాళ్ళు ఉన్నారు. నేను ఎన్నిసార్లు విన్నా ఆ చోట కమాను ఎత్తేసి ఊరికే వినేదాన్ని.

ఆవిడ పనిచేసే తీరు వేరు. పాట రాయగానే రికార్డు చేయదు. ఒక శీతాకాలమంతా ఊళ్ళలో పాడాలి. ఎక్కడ జనం దగ్గుతున్నారో, ఎక్కడ కప్పు కింద పెడుతున్నారో చూసి, మాటలు మార్చి, అప్పుడు వసంతంలో గొర్రెల ఉన్ని కత్తిరించే ఒక షెడ్డులో కూర్చుని రికార్డు చేయాలి. ఆ ఏడాది కొత్త పాటలు చేతిలో ఉన్నాయి. షెడ్డు మాట్లాడేసింది. ఒక ఆదివారం బ్రెయిడ్‌వుడ్‌కి వెళుతూ, స్టీరింగ్ మీద చెయ్యి తీయకుండానే, మెడలో గడ్డ ఉందని చెప్పింది. సూదితో పరీక్ష చేశారట. అనుమానంగా ఉంది, తీసేయాలన్నారు. ఆ పక్కనే గొంతుకి వెళ్ళే సన్నటి నరం ఒకటి ఉంటుంది. మామూలుగా ఏమీ కాదు, కొందరికి మాత్రం దెబ్బ తగిలి పై స్వరాలు పోతాయి, తిరిగి రాకపోవచ్చు. డాక్టరు త్వరగా చేయించుకోమన్నాడు. ఆవిడేమో శీతాకాలం పాడేసి, వసంతంలో రికార్డు చేసేసి, అప్పుడు కత్తి కింద పడుకుందామనుకుంటోంది.

"నువ్వేమంటావు?" అని అడిగింది.

"మీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యండి" అన్నాను.

ఆవిడ బండిని రోడ్డు దింపి, కంకర మీద ఆపి, ఇంజను కట్టేసింది. "నాకేమనిపిస్తోందో నాకు తెలుసు. నేను అడిగింది నిన్ను."

కంచె అవతల గొర్రెలు తలలెత్తి మమ్మల్ని చూస్తున్నాయి. ఆగమంటే, ఆ గడ్డ ఆగుతుందని ఎవరు చెప్పారు? కోయించుకోమంటే, ఆ స్వరం పోతే? ఏ మాట అన్నా ఆ మాట నాదే అవుతుంది. వెనక నడవడంలో ఉన్న సుఖం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"కోయించుకోండి. వెంటనే" అన్నాను. "నాకు రికార్డు అక్కర్లేదు. మీరు కావాలి."

"గొంతు పోతే?"

"పోతే పోనివ్వండి."

ఒక గాయని మొహం మీద అనే మాటేనా అది? అనేశాక నాకే భయమేసింది. ఆవిడ బండి తీసింది. ఆ మధ్యాహ్నం ట్యాంకు పాట ఆఖరున పాడింది. వాన అన్న చోట గొంతు ఎప్పటిలాగే పైకి వెళ్ళింది. హాల్లో ఆ స్వరం అదే ఆఖరుసారి.

షెడ్డు వద్దని చెప్పేసింది. శీతాకాలం మొదట్లో ఆపరేషన్ అయింది. గడ్డలో కాన్సర్ ఉంది, నెమ్మదిగా పెరిగే రకం. పూర్తిగా తీసేశామన్నారు. పై స్వరం పోయింది. వసంతందాకా ఆగి ఉంటే ఏమయ్యేదని ఆవిడే డాక్టరుని అడిగిందట. బహుశా ఏమీ అయ్యేది కాదు, కానీ ఖాయంగా చెప్పలేనన్నాడు. ఆ బహుశా అన్న మాట ఆవిడకన్నా ఎక్కువగా నన్ను తిన్నది. రోజూ మిరియాల చారు పట్టుకెళ్ళేదాన్ని, ఆవిడ టీ కప్పులో పోసుకుని తాగేది. ఒక రోజు ఆపుకోలేక ఏడ్చాను. నా మాట వినకుండా ఉండాల్సిందని, నేను చెప్పకుండా ఉండాల్సిందని అన్నాను. ఆవిడకి అప్పటికి గుసగుస తప్ప గొంతు లేదు.

"అడిగింది నేను. సంతకం పెట్టింది నేను" అంది. "ఇప్పుడు నువ్వు ఆ మాట వెనక్కి తీసుకుంటే, రేపు నేను ఎవర్ని అడగాలి?"

తర్వాత చాలా వారాలు గోడవతల నుంచి గిటారు ఒక్కటే వినబడేది. మాట లేని గిటారు. ఒక రోజు దానితోపాటు ఎవరిదో మోటు గొంతు వినిపించింది, బొంగురుగా, కింద కింద. ఆవిడ తమ్ముడెవరో వచ్చాడనుకున్నాను. కాసేపటికి మాటలు పోల్చుకున్నాను, రెయిలీనే. పాటలన్నీ కింది శ్రుతికి దించి, మొదటినుంచి నేర్చుకుంటోంది. కొన్ని దిగలేదు, వాటిని వదిలేసింది. నా వయొలిన్ తీగలు కూడా మళ్ళీ శ్రుతి చేసుకోవలసి వచ్చింది. ట్యాంకు పాట మాత్రం ఆవిడ వదల్లేదు. వాన అన్న మాటని పైకి పంపకుండా, కిందనే, దాదాపు మాట్లాడినట్టు అనేసి ఊరుకునేది.

యాస్ దగ్గర ఒక హాల్లో మళ్ళీ మొదలుపెట్టాం. జనం నిండా వచ్చారు. మొదటి పాట అయ్యాక హాలంతా బిగుసుకుపోయింది, చప్పట్లు కొట్టాలో ఓదార్చాలో తెలియనట్టు. రెయిలీన్ మైకు దగ్గరికి జరిగి, ఆ బొంగురు గొంతుతో చెప్పింది. "కోయించుకోమని వెరా చెప్పింది. కాబట్టి ఈ గొంతు నచ్చనివాళ్ళు టీ దగ్గర వెరాకి ఫిర్యాదు చెయ్యండి." జనం నవ్వారు. నవ్వు ఆగాక, నా వైపు చూడకుండానే, "నేనిక్కడ నిలబడి ఉండటం నచ్చినవాళ్ళు కూడా ఆమెకే చెప్పండి" అంది. గొర్రెతోలు మీద తల వంచుకుని తీగలు సరిచేస్తున్నట్టు నటించాను. నాకు ఏమీ కనిపించలేదు.

టీ బల్ల దగ్గర నిజంగానే ఒక ముసలి రైతు వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలా ఏళ్ళుగా మా ప్రతి కచేరీకీ వచ్చే మనిషి. ఆవిడ చెప్పమంది కదా అని చెబుతున్నానన్నాడు. "నాకు పాత గొంతే నచ్చేది."

"నాకూ అదే నచ్చేది" అన్నాను.

ఆయన తల ఊపాడు. నాకు ఒక కప్పు టీ వంపి ఇచ్చాడు. ఇద్దరం పక్కపక్కన నిలబడి తాగాం. తర్వాతి నెల కూడా వచ్చాడు.

ఆ గొంతుతో రెయిలీన్ ఇంకా చాలా ఏళ్ళు పాడింది. ఒక రికార్డు కూడా చేసింది, అదే షెడ్డులో. అందులో మా వీధి నెత్తళ్ళ కేక ఉంది, మీరు వింటే పోల్చుకుంటారు. కిందటేడు చలికాలానికి ముందు టూమట్‌లో చెల్లెలి ఇంట్లో నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. గడ్డ మళ్ళీ రాలేదు. పక్కింట్లో ఇప్పుడు నెల్లూరు నుంచి వచ్చిన కొత్త జంట ఉన్నారు. వాళ్ళ పాప ఏడిస్తే గోడలోంచి వినబడుతుంది, వాళ్ళు పొద్దున్న కనిపించి సారీ చెబుతారు. చెప్పొద్దంటాను.

హాసిని ఇప్పుడు యూనివర్సిటీకి వెళ్తోంది. కారు తనే నడుపుతుంది, పాటలూ తనే పెడుతుంది. అప్పుడప్పుడు రెయిలీన్ పాత రికార్డు పెడుతుంది. ట్యాంకు పాట వస్తే ఇద్దరం మాటలు ఆపేస్తాం. ఆ స్వరం పైకి లేస్తుంది. దాన్ని పోతే పోనివ్వమన్నది నేను. ఎవరైనా నువ్వేమంటావని అడిగితే ఇప్పటికీ ముందు మీ ఇష్టం అన్న మాటే నోటిదాకా వస్తుంది, అయినా నా మాట నేను చెబుతాను, ఆఫీసులోనూ ఇంట్లోనూ. మొన్న కారులో ఆ స్వరం అయిపోయాక హాసిని పాట తగ్గించి, "అమ్మా, డు యూ రిగ్రెట్ ఇట్?" అని అడిగింది. మళ్ళీ అడిగినా అదే చెబుతానన్నాను. ఆ గొంతంటే నాకు ఎంత ప్రాణమో రెయిలీన్‌కి తెలుసు. తెలిసే నన్ను అడిగింది.